పూచీకత్తు లేని అప్పుకి పరువే తాకట్టు

భారత ఒప్పందాల చట్టం 1872లో వచ్చింది. దాని 16వ సెక్షన్ కింద రెండు ఉదాహరణలు పక్కపక్కనే ఉంటాయి. మొదటి దాంట్లో ఒక మనిషి ఊళ్లో వడ్డీ వ్యాపారికి అప్పటికే బాకీ ఉన్నాడు. అదే వ్యాపారి దగ్గర, చూడగానే అన్యాయం అనిపించే షరతులకి మళ్లీ అప్పు చేస్తాడు. అతని మెడలు వంచి ఒప్పించలేదని రుజువు చేసుకోవాల్సిన భారం వ్యాపారి మీదే పడుతుంది. రెండో దాంట్లో, బజార్లో డబ్బుకి కటకటగా ఉన్న రోజుల్లో ఒకాయన బ్యాంకరు దగ్గరికి వెళతాడు. మామూలు కంటే బాగా ఎక్కువ వడ్డీ అయితేనే ఇస్తానంటాడు బ్యాంకరు. ఈయన సరేనంటాడు. ఇక్కడ చట్టానికి తప్పేమీ కనిపించదు. వ్యాపారమన్నాక మామూలేనంటుంది.

రెండు చోట్లా డబ్బు అవసరమే, వడ్డీ ఎక్కువే, సంతకం ఇష్టపడి పెట్టిందే. తేడా సంతకం చుట్టూ ఉన్న పరిస్థితిలో ఉంది. మొదటివాడికి వెళ్లడానికి ఇంకో గుమ్మం లేదు. పాత బాకీ నెత్తి మీద ఉంది. పొద్దున లేస్తే ఆ వ్యాపారి ముఖమే చూడాలి. రెండోవాడు పక్క వీధిలో ఇంకో బ్యాంకు తలుపు తట్టొచ్చు. మార్కెట్లో మనిషికి స్వేచ్ఛ ఎంత ఉందో అతను పెట్టిన సంతకాన్ని చూసి చెప్పలేం. ఆ సంతకానికి ముందు, తర్వాత అతని వెనక ఏయే ఏర్పాట్లు ఉన్నాయో చూస్తేనే తెలుస్తుంది.

ఈ రెండు ఉదాహరణల్లో దేంట్లోనూ పూర్తిగా ఇమడని అప్పొకటి 1990ల చివర్లో తెలుగు నేల మీద అడుగుపెట్టి, 2010 నాటికి ఊరూరా పాకింది. వారం వారం కిస్తీ కట్టే మైక్రోఫైనాన్స్ గ్రూపు లోను అది. తలుపు తట్టేది బ్యాంకరులాంటి సంస్థే, కానీ వసూలు మాత్రం ఊరి వడ్డీ వ్యాపారి తరహాలో ముఖాముఖి. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాని మీద ఆర్డినెన్స్ తెచ్చినప్పుడు జరిగిన వాదనంతా స్వేచ్ఛ పేరు మీదే జరిగింది. వయసొచ్చిన మనిషి తన ఇష్టంతో తీసుకున్న అప్పు, మధ్యలో సర్కారుకేం పనని ఒక పక్షం. ఆ అప్పుల ఒత్తిడికి ప్రాణాలు పోతుంటే ఇష్టమంటారేమిటని ఇంకో పక్షం. ఎవరు నెగ్గారన్న దానికంటే, ఆ అప్పు లోపల ఏముందో విప్పి చూడటం ఎక్కువ ఉపయోగం.

అప్పిచ్చేవాడికి ఎప్పుడూ ఒకటే భయం, ఇచ్చింది తిరిగొస్తుందా అని. ఆ భయానికి విరుగుడుగా చేతిలో ఏదో ఒకటి పెట్టుకుంటాడు. పూర్వం అది మనిషి ఒళ్లే. అప్పు తీరేదాకా ఆసామి ఇంట్లో జీతానికి ఉండటం, తండ్రి బాకీకి కొడుకు చాకిరీ చేయడం తెలుగు ఊళ్లకి తెలియనివి కావు. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం ఆ బాకీలనే చెల్లకుండా చేసింది. అంటే, 'నా శ్రమని నీకు తాకట్టు పెడతాను' అని సంతకం చేసే స్వేచ్ఛ ఇవాళ ఎవరికీ లేదు. ఒక స్వేచ్ఛని లాక్కుని పెద్ద స్వేచ్ఛనిచ్చిన చట్టమిది.

తర్వాత జైలు. బాకీ డబ్బు కట్టమని కోర్టు ఇచ్చే డిక్రీ కింద ఆడవాళ్లని అరెస్టు చేయడానికి వీల్లేదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 56వ సెక్షన్ చెబుతుంది. మగవాళ్ల సంగతికి వస్తే, చేతిలో లేక కట్టలేనివాడిని జైల్లో పెట్టడం కుదరదని, ఉండీ ఎగ్గొడుతున్నాడని తేలితేనే ఆ మాట ఎత్తాలని సుప్రీంకోర్టు 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో తేల్చింది.

మిగిలింది ఆస్తి. అదే కోడ్ 60వ సెక్షన్‌లో జప్తుకి దొరకనివాటి జాబితా ఉంది. ఒంటి మీది బట్టలు, వంట పాత్రలు, మంచం, పరుపు, మంగళసూత్రంలాగా ఆచారం ప్రకారం స్త్రీ ఒంటి నుంచి తీయకూడని నగలు, చేతివృత్తివాళ్ల పనిముట్లు, రైతు సేద్యపు సామాను, రైతో కూలీయో ఇంటి పనిమనిషో కాపురముంటున్న సొంత ఇల్లు, కూలీల వేతనం. కూలి పనికి పోయే ఆవిడ ఇంట్లో ఉన్న ప్రతి వస్తువూ దాదాపుగా ఈ జాబితాలోకే వస్తుంది. కోర్టుకి వెళ్లి గెలిచినా పట్టుకుపోవడానికి ఏమీ ఉండదు.

చట్టం ఒళ్లుని కాపాడింది, జైలుని దూరం చేసింది, ఇంటి సామాను ముట్టుకోనివ్వలేదు. మరి ఆమెకి 20 వేలో 30 వేలో ఎవరైనా ఏ ధైర్యంతో ఇస్తారు? మిగిలిన ఒకే ఒక్క తాకట్టు పరువు. నలుగురిలో తలెత్తుకోవడం. పూచీకత్తు లేని అప్పుల వ్యాపారమంతా, వాళ్లు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, దీని మీదే నిలబడింది. కాబట్టి ఈ రంగంలో సంస్థలు, సంఘాలు, చట్టాలు చేసే పని ఒకటే: ఆ పరువు మీద ఎవరు, ఎక్కడ, ఏ వేళకి, ఎంత గట్టిగా చెయ్యి వేయొచ్చో నిర్ణయించడం.

దానికి ముందు ధర సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే ఎంపిక చేసుకునే స్వేచ్ఛ ఉందనాలంటే రెండు అప్పుల ధరని పోల్చగలగాలి. మన దగ్గర అది అంత సులువు కాదు. ఒకరు రూపాయల్లో చెబుతారు, ఒకరు శాతాల్లో చెబుతారు, ఒకరు కిస్తీ మాత్రమే చెబుతారు.

రెండు రూపాయల వడ్డీ అంటే వందకి నెలకి రెండు, ఏడాదికి 24 శాతం. ఇది తేలిక. రోజువారీ ఫైనాన్స్‌లో 10 వేల నోటు రాయించుకుని చేతికి 9 వేలే ఇస్తారు, రోజుకి వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. 9 వేలకి వెయ్యే కదా అనిపిస్తుంది. కానీ 9 వేలూ వంద రోజులు ఆమె దగ్గర ఉండవు, రెండో రోజు నుంచే కరుగుతూ వస్తాయి. ఏడాది లెక్కకి మారిస్తే 77 శాతం దాటుతుంది. మైక్రోఫైనాన్స్ తొలి రోజుల్లో ఎక్కువగా చెప్పిన మాట 'ఫ్లాట్ 15 శాతం'. 10 వేలకి 1,500 వడ్డీ కలిపి 50 వారాలకి సమానంగా వేస్తే వారానికి 230. సగం అప్పు తీరిపోయిన 25వ వారంలో కూడా వడ్డీ పడేది మొత్తం 10 వేల మీదే. తగ్గుతున్న అసలు మీద సరిగ్గా లెక్క కడితే ఆ 15 అసలు 29 శాతం. కాగితం మీద 15 అని కనిపించేది ఊళ్లో రెండు రూపాయల వడ్డీ కంటే ఖరీదన్నమాట. ముందే కోసుకునే ప్రాసెసింగ్ ఫీజు, బీమా ఇందులో కలపలేదు.

అలాగని రెండు రూపాయల వ్యాపారి మంచివాడని అర్థం కాదు. అతని కిటుకు నోటు తిరగరాయించడంలో ఉంటుంది. ప్రామిసరీ నోటు మీద దావా వేయడానికి మూడేళ్లే గడువు. బాకీదారుడికి రక్షణగా పెట్టిన ఈ గడువే వ్యాపారికి ఆయుధమైంది. గడువు దగ్గర పడగానే కొంత కట్టించి నోటు వెనక చెల్లు రాయిస్తాడు, గడువు మళ్లీ మొదలవుతుంది. కట్టలేకపోతే వడ్డీని అసల్లో కలిపి కొత్త నోటు రాయిస్తాడు. 10 వేలు మూడేళ్లకి 17,200 అవుతుంది. ఆ మొత్తానికి కొత్త నోటు రాస్తే ఇంకో మూడేళ్లకి 29,584. తిరగరాయకుండా ఉంటే 24,400 దగ్గర ఆగేది. ఒక్క సంతకం ఖరీదు 5,184 రూపాయలు. ఆ సంతకం కూడా 'ఇష్టపడి' పెట్టిందే.

ఇక గుంపు సంగతి. పొదుపు సంఘం, మైక్రోఫైనాన్స్ గ్రూపు బయటి నుంచి చూస్తే ఒకేలా ఉంటాయి. ఆడవాళ్లు చాప మీద కూర్చుంటారు, పుస్తకం ఉంటుంది, ఒకరికి ఒకరు జవాబుదారీ. అందుకే చాలామంది రెండింటినీ ఒకే గాటన కడతారు. లోపల మాత్రం అవి వేరు వేరు జాతులు.

పొదుపు సంఘం, జనం నోట్లో ఇప్పటికీ 'డ్వాక్రా', 1982లో మొదలైన కేంద్ర పథకం పేరుతో వచ్చింది. 1992లో గ్రామీణ రుణాలు చూసే జాతీయ బ్యాంకు నాబార్డు, 500 సంఘాలకి బ్యాంకు అప్పులిప్పించే 'లింకేజీ' ప్రయోగం మొదలుపెట్టింది. 2000లో రాష్ట్ర ప్రభుత్వ పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్, దాని వెనకే వెలుగు ప్రాజెక్టు వచ్చి సంఘాల మీద గ్రామైక్య సంఘం, దాని మీద మండల సమాఖ్య, ఆ పైన జిల్లా సమాఖ్య అని అంతస్తులు కట్టాయి. సంఘంలో 10 నుంచి 15 మంది ఉంటారు. ముందు పొదుపు, తర్వాత ఆ పొదుపులోంచి లోపల్లోపల అప్పులు, ఆ వడ్డీ సంఘానికే. ఆర్నెల్లు ఇలా నడిచాక బ్యాంకు సంఘం పేరున లోను ఇస్తుంది. ఎవరికెంత అన్నది తీర్మానం పుస్తకంలో వాళ్లే రాసుకుంటారు.

మైక్రోఫైనాన్స్ గ్రూపులో పొదుపు లేదు. మామూలుగా ఐదుగురు చొప్పున గ్రూపు, కొన్ని గ్రూపులు కలిపి ఒక సెంటరు. అప్పు ఎవరి పేరున వాళ్లదే, పూచీ మాత్రం అందరిదీ. పొద్దున్నే, పనులకి పోకముందే మీటింగ్. ఐదుగురిలో నలుగురు డబ్బు తెచ్చారు, ఒకామె తేలేదు. ఆమె భర్తకి వారంగా జ్వరం, పని లేదు. సంస్థ తరఫున వచ్చిన సెంటర్ ఆఫీసరు ఆ రోజు వసూలు ఆ రోజే బ్రాంచిలో కట్టాలి, తక్కువైతే జవాబు చెప్పుకోవాల్సింది అతనే. అందుకని లేవడు. అందరూ కడితేగానీ ఎవరినీ పంపనంటాడు. పత్తి చేలోకి పోవాల్సినవాళ్లు గడియారం చూసుకుంటారు. ఇప్పుడు ఆమెని అడిగేది సంస్థ కాదు, పక్కింటామె. 'నీ ఒక్కదాని మూలంగా మా కూలి పోతోంది' అనేది ఆ పక్కింటామే. తిట్టే పనిని సంస్థ గ్రూపుకి అప్పజెప్పింది, జీతం లేకుండా.

ఇదే సంఘంలో జరిగితే? 'ఈ నెల ఆమె కిస్తీ పొదుపులోంచి సర్దుదాం, పత్తి అమ్మాక కడుతుంది' అని తీర్మానం రాయగల అధికారం వాళ్లకుంది. గడువు పొడిగించే హక్కు ఎవరి చేతిలో ఉందన్న ఒక్క ప్రశ్నతో ఈ రెండు సంస్థల గుణం తేలిపోతుంది. సంఘంలో అది సభ్యులది. గ్రూపులో అది హెడ్డాఫీసుది, హెడ్డాఫీసు అక్కడ కూర్చోదు. ఏడాదికి రెండుసార్లు పంట డబ్బు చూసే ఇంటికి వారం వారం కిస్తీ పెట్టిన ఏర్పాటు అక్కడే గురి తప్పింది.

సంఘాలని నెత్తికెత్తుకోవాల్సిన పని కూడా లేదు. లీడర్లిద్దరూ పెద్ద వాటా రాసుకోవడం, అవసరమున్నా లేకున్నా లోనుని అందరికీ సమానంగా పంచేయడం, పుస్తకాలు ఏళ్ల తరబడి రాయకపోవడం, ఎన్నికలకి ముందు మాఫీ వస్తుందేమోనని కిస్తీలు ఆపేయడం అందరికీ తెలిసినవే. మరీ పేదవాళ్లని 'కట్టలేదు' అని చేర్చుకోని సంఘాలూ ఉన్నాయి. అన్నిటికంటే పెద్ద లోపం ఆలస్యం. బ్యాంకు లోను చేతికి రావడానికి నెలలు పట్టేది. ఆసుపత్రి బిల్లు, కాలేజీ ఫీజు అన్ని నెలలు ఆగవు. మైక్రోఫైనాన్స్ వారంలో ఇంటికొచ్చి ఇచ్చింది, మేనేజరు దయ కోసం కాచుకోనక్కర్లేకుండా ఇచ్చింది. ఆ సౌకర్యం ఆడవాళ్లకి నిజంగానే ఒక స్వేచ్ఛ. దాన్ని చిన్నచూపు చూసేవాళ్లు బ్యాంకు వరండాలో ఎప్పుడూ కూర్చుని ఉండరు. ఈ లోపం తెలిసే 2011లో 48 గంటల్లో అప్పు చేతికి అందించాలన్న లక్ష్యంతో, సంఘాల సభ్యులకి అప్పులిచ్చే సహకార సంస్థ స్త్రీనిధి మొదలైంది.

ఆడవాళ్లకి తమ లెక్క తమకి తెలియదనుకోవడం కూడా పొరపాటే. హైదరాబాద్‌లో 104 బస్తీలు తీసుకుని, సగం బస్తీల్లో ముందుగా మైక్రోఫైనాన్స్ బ్రాంచి తెరిపించి, మిగతా సగంతో పోల్చిన పరిశోధన ఒకటి 2015లో ప్రచురితమైంది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు చేసిన పని అది. బ్రాంచి తెరిచిన బస్తీల్లో కూడా అలాంటి లోను తీసుకున్న ఇళ్లు నాలుగో వంతుకి కాస్త పైన. వ్యాపారాలున్న కొందరు వాటిని పెంచుకున్నారు. పిల్లల చదువు, ఆరోగ్యం, ఇంట్లో ఆడవాళ్ల మాటకి విలువ వంటివాటిలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. పేదరికం పోతుందన్న ప్రచారమూ, అందరూ ఎగబడి మునిగిపోయారన్న ప్రచారమూ రెండూ దీని ముందు నిలవవు.

ఇబ్బంది వచ్చింది ఒకే మనిషికి మూడు నాలుగు సంస్థలు ఇవ్వడంతో. 2006 మార్చిలోనే కృష్ణా జిల్లా యంత్రాంగం దాదాపు 50 బ్రాంచీలు మూయించింది. హెచ్చరిక అక్కడే వచ్చినా తర్వాతి నాలుగేళ్లూ వ్యాపారం పరుగులు తీసింది. ఈ అప్పుల వివరాలు సంస్థలు ఒకదానితో ఒకటి పంచుకునే ఏర్పాటు అప్పట్లో సరిగా లేదు. ఒకరి కిస్తీకి ఇంకొకరి దగ్గర తీసి కట్టడం మామూలైంది, దాంతో వసూళ్లు 99 శాతం కనిపించేవి. ఆ 99నే మదుపుదారులకి చూపించారు. 2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ షేరు స్టాక్ మార్కెట్‌కి ఎక్కింది. రెండు నెలల్లోపే ఆర్డినెన్స్ వచ్చింది.

ఆర్డినెన్స్, దాని వెనక వచ్చిన చట్టం పెట్టిన నిబంధనలు చదివితే పరువు ప్రస్తావన లేకుండానే అంతా దాని గురించేనని తెలుస్తుంది. ప్రతి సంస్థా జిల్లా స్థాయిలో రిజిస్టరు చేసుకోవాలి. ఇళ్ల మీదికి వెళ్లి వసూలు చేయకూడదు, పంచాయతీ ఆఫీసులాంటి బహిరంగ చోటే కట్టించుకోవాలి. వారం కిస్తీలు పోయి నెల కిస్తీలు రావాలి. సంఘంలో బ్యాంకు అప్పు ఉన్న సభ్యురాలికి అధికారి అనుమతి లేకుండా మరో అప్పు ఇవ్వకూడదు. వడ్డీ అసలుని మించకూడదు. వేధిస్తే జైలు.

ఒక్కొక్కటీ విడిగా చూస్తే సబబుగానే ఉంది. కలిపి, ఒక్క రాత్రిలో, రాజకీయ నాయకులు కట్టొద్దని చెబుతుండగా అమలు చేస్తే ఏమైందో చూడండి. వసూళ్లు 10 శాతం దగ్గరికి పడిపోయాయి. కట్టగలిగినవాళ్లు కూడా మానేశారు, ఎందుకంటే గ్రూపులో ఒక్కరు ఆపితే మిగతావాళ్లు ఎందుకు కట్టాలి? కొత్త అప్పు పుట్టదని తెలిశాక పాతది తీర్చాలన్న ఆసక్తి పోయింది. దాదాపు 7 వేల కోట్ల రూపాయలు ఇరుక్కుపోయాయి. సంఘాల కార్యక్రమాన్ని నడిపించేదీ, దానికి పోటీ వచ్చినవాళ్లని కట్టడి చేసేదీ ఒకే ప్రభుత్వం కావడం అప్పట్లో పెద్దగా చర్చకి రాలేదు. రావాల్సింది.

దెబ్బ ఇక్కడితో ఆగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో నష్టపోయిన సంస్థలు ఇతర రాష్ట్రాల్లోనూ అప్పులివ్వడం తగ్గించుకున్నాయి. అలా తగ్గిన జిల్లాల్లో రోజు కూలి రేట్లు, ఇంటి ఖర్చు పడిపోయాయని ఆర్థికవేత్తలు ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్ 2021లో ప్రచురించిన పరిశోధనలో చూపారు. అసలు అప్పే తీసుకోని కూలీకి కూడా కూలి తగ్గింది, అప్పు తీసుకుని పని కల్పించేవాళ్లు తగ్గారు గనుక. ఇద్దరి మధ్య ఒప్పందంలా కనిపించేది ఇద్దరితో ఆగదు.

ఆ తర్వాత పగ్గాలు రిజర్వు బ్యాంకు చేతికి పోయాయి. 2011 జనవరిలో ఆ బ్యాంకు వేసిన మాలేగాం కమిటీ నివేదిక, ఆ ఏడాది చివర్లో ఈ సంస్థలకి ప్రత్యేక వర్గం, వడ్డీకి పరిమితి, ఒకరికి రెండు సంస్థలకి మించి ఇవ్వకూడదన్న నిబంధన వచ్చాయి. 2022 ఏప్రిల్ నుంచి రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలతో అవన్నీ మారాయి. రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన ఫైనాన్స్ కంపెనీలకి రాష్ట్ర చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు చెప్పడంతో సంస్థలు మళ్లీ ఇటువైపు చూడటం మొదలుపెట్టాయి.

ఇప్పుడు అమల్లో ఉన్నవాటిలో తీసుకునేవాళ్లకి పనికొచ్చేవి ఇవి. కుటుంబ ఆదాయం ఏడాదికి 3 లక్షల లోపు ఉండి, ఏ తాకట్టూ లేకుండా ఇచ్చేది మైక్రోఫైనాన్స్ లోను. ఇంట్లో అందరి అప్పుల కిస్తీలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. నెలకి 20 వేలొచ్చే ఇంట్లో బండి లోను కిస్తీ 4 వేలు ఉంటే, కొత్త అప్పుల కిస్తీలకి మిగిలింది 6 వేలే. వడ్డీకి పైపరిమితి తీసేశారు. బదులుగా అన్ని ఖర్చులూ కలిపిన అసలు వార్షిక రేటుతో ఫ్యాక్ట్ షీటు, తీసుకునేవాళ్లకి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. ముందే తీర్చేస్తే జరిమానా లేదు. వసూలు ఇద్దరూ కలిసి అనుకున్న చోటే జరగాలి. వరసగా రెండుసార్లు ఆ చోటికి రాకపోతేనే ఇంటికో పని చోటికో వెళ్లొచ్చు. పొద్దున 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదు. బంధువులని, స్నేహితులని, తోటి పనివాళ్లని వేధించకూడదు. చోటు, వేళ, సాక్షులు: పరువు మీద చెయ్యి వేసే హద్దులు ఇంత స్పష్టంగా రాసిన నిబంధనలు అరుదు.

కాగితం మీద బాగున్నది ఎక్కడ జారుతుందంటే, ఆదాయం దగ్గరే. కూలి ఇంటికి జీతపు చీటీ ఉండదు. ఆఫీసరు అడిగి రాసుకుంటాడు. లోను రావాలంటే ఎంత చెప్పాలో ఇద్దరికీ తెలుసు. ఎవరికెంత అప్పుందో నమోదు చేసే క్రెడిట్ బ్యూరోలో బ్యాంకు, కంపెనీ అప్పులే కనిపిస్తాయి. చేబదుళ్లు, చీటీ పాట బాకీ, కిరాణా కొట్టు ఖాతా, నోటు మీది అప్పు కనిపించవు. అంటే ఆ 'సగం' లెక్క చాలా ఇళ్లల్లో మొదటి రోజే తప్పు. ఇంకొకటి, ఒకరి పేరున తీసి ఇంకొకరు వాడుకోవడం. లీడరు పదిమంది ఆధార్ కార్డులు పోగు చేసి లోన్లు ఇప్పించి, తలా వెయ్యి చేతిలో పెట్టి మిగతాది తను తీసుకుంటుంది. ఆమె ఊరు విడిచిపోయిన రోజు పదిళ్లకి నోటీసులొస్తాయి. సంతకం వాళ్లదే, వేలిముద్ర వాళ్లదే, చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. ఎవరికైనా ఆధార్, ఓటీపీ ఇచ్చి 'నీ పేరున తీస్తా' అంటే ఒప్పుకోకపోవడం తప్ప దీనికి వేరే మందు లేదు.

2020 చివర్లో హైదరాబాద్ పోలీసులు లోన్ యాప్‌ల మీద కేసులు పెట్టినప్పుడు బయటపడ్డ పద్ధతి గ్రూపు మీటింగ్‌కి కొత్త రూపం. యాప్ ముందుగా ఫోన్లోని కాంటాక్టులు, ఫొటోలు లాగేసుకుంటుంది. గడువు దాటగానే మేనమామకి, ఆఫీసులో పై అధికారికి, పెళ్లి మాటలు నడుస్తున్న ఇంటికి 'ఈమె దొంగ' అని మెసేజీలు. పక్కింటామె కనీసం జ్వరం సంగతి తెలిసిన మనిషి, రేపు తనకీ అలాంటి రోజు రావొచ్చని భయం ఉన్న మనిషి. కాల్ సెంటర్లో కూర్చున్నవాడికి ఆ రెండూ లేవు. 2022 సెప్టెంబరు నుంచి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం యాప్‌లు కాంటాక్టులు, గ్యాలరీ ముట్టుకోకూడదు, డబ్బు నేరుగా తీసుకునేవాళ్ల ఖాతాలోకే రావాలి. మనసు మారితే జరిమానా లేకుండా వెనక్కిచ్చే గడువు ఉండాలి. ఈ నిబంధనలు నమోదైన కంపెనీల తరఫున నడిచే యాప్‌లకే. ఏ బ్యాంకు, ఏ ఫైనాన్స్ కంపెనీ ఇస్తోందో పేరు చెప్పని యాప్ చట్టం బయట ఉన్నట్టే, దాన్ని ఫోన్లో పెట్టుకోకపోవడమే మంచిది.

ఇంతదాకా అప్పులోకి వెళ్లే దారి గురించి, నడిచే తీరు గురించి. బయటపడే దారి సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. వ్యాపారంలో కంపెనీ మునిగితే దివాలా చట్టం ఉంది, బాకీలు కోసి, మిగిలింది పంచి, మూసేసి, అదే యజమాని ఇంకో కంపెనీ పెట్టుకోవచ్చు. మార్కెట్ సమాజం ధైర్యంగా ముందుకెళ్లడానికి ఈ ఏర్పాటే పెద్ద కారణం. మామూలు మనిషికి ఉన్నది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం. ఊళ్లో దీన్ని 'ఐపీ పెట్టడం' అంటారు. 500 రూపాయల బాకీ ఉండి తీర్చలేని ఎవరైనా కోర్టులో పిటిషన్ వేయొచ్చు. అప్పులవాళ్లందరి పేర్లూ, ఉన్న ఆస్తులన్నీ రాసివ్వాలి. అంతకు ముందు రెండేళ్లలో ఆస్తిని ఊరికే ఎవరికైనా రాసిచ్చి ఉంటే ఆ బదిలీని కోర్టు కొట్టేయగలదు. దివాలా తీసినట్టు తేల్చాక ఆస్తులు కోర్టు పెట్టిన రిసీవరు చేతికి వెళతాయి, చివరికి బాకీల నుంచి విడుదల, అంటే డిశ్చార్జి, వస్తుంది. చీటీల వ్యాపారులు, కమీషన్ వ్యాపారులు ముందే ఆస్తులు చేతులు మార్చి ఐపీ పెట్టిన కథలు ప్రతి పట్నంలోనూ ఉన్నాయి. అందుకే 'ఐపీ పెట్టాడు' అంటే మోసం చేశాడనే అర్థం స్థిరపడింది. నిజంగా చితికిపోయినవాళ్లు ఆ మాటకే భయపడి కోర్టు వైపు చూడరు. అప్పు నుంచి విడిపించాల్సిన చట్టం దగ్గర కూడా పరువే అడ్డం పడుతోంది.

2016 నాటి దివాలా స్మృతిలో మామూలు మనుషుల కోసం మూడో భాగం ఒకటి రాశారు. కంపెనీ అప్పులకి వ్యక్తిగత హామీ ఇచ్చినవాళ్ల విషయంలో మాత్రమే దాన్ని 2019 డిసెంబరు నుంచి అమల్లోకి తెచ్చారు. పేదవాళ్ల బాకీలు పూర్తిగా కొట్టేసే 'ఫ్రెష్ స్టార్ట్' అధ్యాయం పుస్తకంలోనే ఉంది. దానికి పెట్టిన అర్హతలు: ఏడాది ఆదాయం 60 వేలు, మొత్తం ఆస్తి 20 వేలు, బాకీ 35 వేలు దాటకూడదు, సొంత ఇల్లు ఉండకూడదు. మైక్రోఫైనాన్స్ సంస్థల సంఘమే ఒక్కొక్కరికి 2 లక్షల దాకా ఇవ్వొచ్చని హద్దు పెట్టుకున్న రోజుల్లో ఆ 35 వేలు ఒకటి రెండు లోన్లకే దాటిపోతాయి. ఇందిరమ్మ ఇల్లు వచ్చిన ఆవిడైతే దరఖాస్తు చేసుకోవడానికి కూడా పనికిరాదు.